అప్పు చేయకముందు హక్కు అడగండి



లింగమార్పిడి ఆపరేషన్ గురించి ఈ పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అవసరమనే మేము అంటాము. చేతిలో డబ్బు లేకపోతే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఆ కోరిక మానుకుంటారని అనుకోకూడదు. కొందరు మత్తు డాక్టరు లేని చోట, డాక్టరు కానివారి చేత చాటుగా కోయించుకుంటారు. అక్కడ రక్తం ఆగకపోవచ్చు, గాయానికి చీము పట్టవచ్చు, మూత్రదారి సన్నబడిపోవచ్చు. చౌక అనుకున్నది ప్రాణం మీదికి తెస్తుంది. మరికొందరు నూటికి పది రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు.

అప్పు కంటే ముందు హక్కు తెలుసుకోవాలి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించింది. 2019లో చేసిన చట్టం 2020 జనవరి 10 నుండి అమలులోకి వచ్చింది. ఆపరేషన్‌కు, హార్మోన్ చికిత్సకు, ముందూ తర్వాతా కౌన్సెలింగ్‌కు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలనీ, ఖర్చుకు బీమా ఉండాలనీ ఆ చట్టం 15వ సెక్షన్ చెప్పింది. 2022 ఆగస్టు 24న ఆయుష్మాన్ భారత్ కింద ఒక్కొక్కరికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించేందుకు ఒప్పందం కుదిరింది. ఇందులో ఈ ఆపరేషన్లు కూడా ఉన్నాయి.

అయితే కాగితం మీది మాట మంచం దాకా రావాలంటే మనమే అడగాలి. ముందుగా జిల్లా కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రం, గుర్తింపు కార్డు చూసుకోండి. తర్వాత ఏ ఆసుపత్రికి అనుమతి ఉంది, ఏ ఖర్చు వస్తుంది, ఏది రాదు అని రాతపూర్వకంగా అడగండి. 2018లో కేరళ ప్రభుత్వం ఈ ఆపరేషన్‌కు 2 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. మన రెండు రాష్ట్రాలు కూడా ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఇస్తారో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి.

ఆపరేషన్ బిల్లుతో ఖర్చు అయిపోదు. డ్రెస్సింగులు, మందులు, మళ్ళీ మళ్ళీ చూపించుకోవడం, పని లేని వారాలు, ఇవన్నీ ముందే లెక్క వేసుకోవాలి. హార్మోన్ మాత్రలు మందుల షాపులో సొంతంగా కొనుక్కోవద్దు. ఈస్ట్రోజన్ వల్ల కొందరికి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పరీక్షలకయ్యే ఖర్చు దండగ కాదు.

సంఘ కుటుంబాలకు ఒక మాట. మీ బిడ్డ నిర్ణయం మీకు నచ్చకపోవచ్చు. కానీ మీరు తలుపు మూస్తే ఆ బిడ్డకు మిగిలేది వడ్డీ వ్యాపారి, లేదా దొంగ వైద్యుడు. కలెక్టరాఫీసుకు తోడు వెళ్లండి. ఆపరేషన్ తర్వాత ఇంట్లో మంచం, వేళకు అన్నం ఇవ్వండి. అద్దె గది, ఆయా ఖర్చు తప్పుతాయి, గాయమూ త్వరగా మానుతుంది.

మా వంటి ఆసుపత్రుల బాధ్యత కూడా ఉంది. ఆపరేషన్ మేము చేయకపోయినా, రక్త పరీక్ష, డ్రెస్సింగు, దరఖాస్తు నింపడంలో సాయం చేయవచ్చు. ఓపీ చీటీ మీద వారు చెప్పిన పేరే రాసి, ఆ పేరుతోనే పిలవాలి. దానికి పైసా ఖర్చు లేదు.