ఆటలో అరటిపండు

వీధిలో ఆడుకుంటూ పెరిగిన తెలుగువాళ్లకు అరటిపండంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. జట్లు పంచుకున్నాక ఒక బుడ్డోడు మిగిలిపోతాడు, ఏడుపు లంకించుకుంటాడు. వాణ్ని చేర్చుకోకపోతే నేనూ రానని వాడి అక్క మొండికేస్తుంది. చివరికి గుంపులో పెద్దపిల్ల ఎవరో తీర్పు చెబుతుంది: "సరే, వీడు అరటిపండు." ఇక వాడు అందరితోపాటు పరుగెత్తొచ్చు, దాక్కోవచ్చు, అరవొచ్చు. దొరికినా దొంగ కాడు, బంతి తగిలినా అవుట్ కాడు.

పెద్దలెవరూ నేర్పకుండా పిల్లలే కనిపెట్టుకున్న ఏర్పాటిది. దీనిమీద నాకెంత ప్రేమో అంత కోపం. ఎవర్నీ గట్టుమీద ఒంటరిగా వదిలెయ్యకూడదన్న ఇంగితం అంత చిన్న బుర్రల్లో ఉన్నందుకు ప్రేమ. ఆటలో ఉంచి లెక్కలోంచి తీసేసినందుకు కోపం. అరటిపండుగా ఆడినవాడికి ఆ సంగతి రెండో రోజుకే అర్థమైపోతుంది.

మా హైస్కూల్లో, మా తరగతిలోనే, పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయిన కుర్రాడుండేవాడు. సాయంత్రం వీధిలో వాడు అరటిపండు. పగలు బడిలో ఆ హోదా కూడా లేదు. డ్రిల్లు పీరియడ్ గంట కొట్టగానే మేం చెప్పులు, చొక్కాలు వేపచెట్టు కింద కుప్ప పోసి గ్రౌండులోకి ఉరికేవాళ్లం. "నువ్వు కూర్చోరా, ఇవి చూస్తుండు," అనేవారు మాస్టారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాటలో ఉన్నది దయే. ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు వాడు ఆ దయ కింద కూర్చున్నాడు. ఎవరి చెప్పుకు పిన్నీసు పెట్టి ఉందో వాడికి తెలుసు. మా కబడ్డీలో ఎవడు కూతకెళ్తే ఎటు తిరుగుతాడో కూడా తెలుసు. ఒక్కరోజూ మేం వాణ్ని అడగలేదు. అడగాలని తోచలేదు. మాస్టారి తప్పు సరే, ఆ తోచకపోవడం గురించి నేనింకా తేల్చుకోలేదు.

దేశంలో సహజ పోలియో వైరస్ కేసు చివరిసారి నమోదైంది 2011 జనవరిలో. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో పోయిందని ధ్రువపత్రం ఇచ్చింది. అంత పెద్ద దేశం, ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసి ఆ జబ్బును తరిమేసింది. చెట్టు కింద కూర్చునే చోటు మాత్రం ఖాళీ అవలేదు. ఇప్పుడక్కడ సెరిబ్రల్ పాల్సీతో కాళ్లు బిగుసుకుపోయిన అమ్మాయి ఉంది. ఈల శబ్దానికి చెవులు మూసుకునే ఆటిజం పిల్లాడున్నాడు. బంతి ముక్కు దగ్గరికొచ్చే దాకా కనిపించని వాడున్నాడు. వీళ్లు కాక, ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లు కొందరు. బంతి పట్టలేరు, ముడి వేయలేరు, వరసలో నడుస్తూ కాలికి కాలు తగిలించుకుంటారు. దీన్ని వైద్యులు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. మెదడుకూ కండరాలకూ మధ్య పొందిక కుదరకపోవడం. బడి వయసు పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి ఉంటుందని అంచనా. నలభై మంది తరగతిలో ఇద్దరు. మన బడుల్లో దానికి వాడుక పేరు 'మొద్దు'.

ఇటువంటి పిల్లలకు ఆటల పీరియడ్ ఎలా ఉంటుందో కెనడాలో ఇద్దరు పరిశోధకులు పిల్లల్నే కూర్చోబెట్టి అడిగారు. డోనా గుడ్విన్, జేన్ వాట్కిన్సన్ 2000లో ప్రచురించిన ఆ అధ్యయనంలో శారీరక వైకల్యం ఉన్న పిల్లలు తొమ్మిది మందే. పెద్ద సంఖ్యేం కాదు. కానీ వాళ్ల సమాధానాలు చదివినప్పుడు నాకు వేపచెట్టు గుర్తొచ్చింది. వాళ్లు తమ పీరియడ్లను మంచి రోజులు, చెడ్డ రోజులు అని విడదీశారు. గుంపులో ఒకరిగా ఉండి, ఏదో ఒక పని నేర్పుగా చేయగలిగి, ఆటవల్ల వచ్చే లాభం తమకూ దక్కింది మంచి రోజు. పక్కన కూర్చోబెట్టింది, నీకు చేతనవుతుందా అన్నట్టు చూసింది, సగం ఆటే ఆడనిచ్చింది చెడ్డ రోజు. గెలుపు ఓటముల ప్రసక్తి ఆ విభజనలో లేదు.

కదలిక దొరికిన పిల్లలో ఏం మారుతుందో చూపిన పని ఇంకొకటుంది. అమెరికాలో డేల్ ఉల్రిక్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పసిపిల్లలను ఎన్నుకుంది. వాళ్ల ఇళ్లలోనే ఒక చిన్న ట్రెడ్‌మిల్ పెట్టి, తల్లిదండ్రులు బిడ్డను చంకల కింద పట్టుకుని దానిమీద నిలబెట్టేలా చేసింది. రోజుకు 8 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. మామూలు వైద్యం మాత్రమే అందిన పిల్లలకన్నా వీళ్లు సగటున 101 రోజులు ముందు నడిచారు. 2001లో వెలువడిందీ ఫలితం. పసిబిడ్డకు నూటొక్క రోజులంటే చిన్న సంగతి కాదు. నడిచే బిడ్డ గడప దాటుతుంది, అందని గిన్నె అందుకుంటుంది, తనకు తానుగా అమ్మ దగ్గరికి వెళుతుంది. తర్వాత అదే పరిశోధకుడు 8 నుంచి 15 ఏళ్ల డౌన్ సిండ్రోమ్ పిల్లలకు సైకిల్ నేర్పించి చూశాడు. అయిదే రోజుల శిక్షణ. సగానికి పైగా, 56 శాతం మంది, తొక్కేశారు. అలా నేర్చుకున్నవాళ్లు ఏడాది తర్వాత చూస్తే, నేర్చుకోనివాళ్లకన్నా తక్కువ సేపు కూర్చుని గడుపుతున్నారు.

ఎనిమిది నిమిషాలు, అయిదు రోజులు. మనం అయిదేళ్ల డ్రిల్లు పీరియడ్లు చెప్పుల కాపలాకు ధారపోశాం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వైకల్యం ఉన్న పిల్లలకూ అదే అరవై నిమిషాలని విడిగా రాసింది. మన చట్టం అంతకన్నా ముందే మాట్లాడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మిగతా పిల్లలతో సమానంగా ఆటపాటల అవకాశం ఇవ్వడం విద్యాసంస్థల బాధ్యత అని 16వ సెక్షన్‌లో ఉంది. ఆ చట్టం గురించి మన ఊళ్లలో అందరికీ తెలిసిన భాగం సదరం శిబిరం, అక్కడ రాసే శాతం, ఆ శాతంతో వచ్చే పింఛను. అవి అవసరమే, కాదనను. కాలికి ఎంత శాతమో ఆ పత్రంలో ఉంటుంది. ఆ పిల్లకు ఏ ఆటంటే ఇష్టమో రాసే గడి లేదు. భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ చేయిస్తున్నాం కదా అంటారు. చేయించాలి. కానీ ఫిజియోథెరపీతో కాలు సాగుతుంది, దోస్తు దొరకడు.

మన గురించి మనం గొప్పగా చెప్పుకునే కథ ఒకటుంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి. మేధో వైకల్యం ఉన్న ఆ పిల్లను ఊళ్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు, అనాథాశ్రమంలో వదిలెయ్యమని కన్నవాళ్లకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగు చూశాడు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన వైకల్య విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం, స్థలం ప్రకటించింది. మనం ఫోటో పంచుకుని కళ్లు తుడుచుకున్నాం.

ఆ కన్నీళ్లమీద నాకు అనుమానం. పతకం తెచ్చిన అమ్మాయిని నెత్తిన పెట్టుకోవడానికి మనస్సాక్షి అక్కర్లేదు, టీవీ ఉంటే చాలు. అదే నాలుగు వందల మీటర్లు ఏడు నిమిషాల్లో, రెండుసార్లు ఆగి, చున్నీతో ముఖం తుడుచుకుని పూర్తిచేసే అమ్మాయి ప్రతి మండలంలో ఉంది. ఆమె వల్ల ఊరికి పేరు రాదు. ఆమె కోసం గ్రౌండులో గీత గీసేదెవరు?

పీఈటీ మీదకు నెట్టేస్తే పని తేలికవుతుంది. మూడు వందల మందికి ఒక్కడు, చేతిలో రెండు వాలీబాల్‌లు, మధ్యలో మధ్యాహ్న భోజనం డ్యూటీ, పైగా "సిలబస్ అవలేదు, మీ పీరియడ్ ఇస్తారా" అని వచ్చే లెక్కల మాస్టారు. ఆయనకు ఎవరు నేర్పారు, సెరిబ్రల్ పాల్సీ పిల్లతో ఏ ఆట ఆడించాలో? సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి వ్యాయామ విద్యలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఆటలమీద ఒక పాఠం ఉంది. దాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకునే పిల్లల పక్కనే అలాంటి పిల్ల ఉంటే, పరీక్ష రాశాక ఏ ఒక్కరైనా బంతి ఆమెవైపు విసిరారా? ఇక గ్రౌండే లేని అపార్టుమెంటు బడులకు లక్షలు కట్టి పంపేది మనమే. అక్కడ చెట్టు కింద కూర్చోబెట్టడానికి చెట్టు కూడా లేదు. "మా వాణ్ని ఆటలకు పంపకండి సార్, పడితే ఎవరు చూస్తారు" అని చీటీ రాసేదీ మనమే. తల్లి భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్లయితే ఆ భయం రెట్టింపు, చీటీ ఇంకా ముందే వస్తుంది. కానీ "ఆ అబ్బాయిని మా వాడి టీమ్‌లో వేశారేంటి, ఓడిపోతారు కదా" అని వాట్సాప్ గ్రూపులో రాసే తండ్రి భయం ఏమిటో నాకు అంతుపట్టదు.

కావలసినవి పెద్ద వస్తువులు కావు. అంధుల క్రికెట్ బంతిలో గలగలమనే బేరింగులుంటాయి, బౌలర్ దాన్ని నేలబారుగా వేస్తాడు. అలాంటి మార్పులతోనే ప్రపంచ కప్పులు నడుస్తున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో గోల్‌బాల్ పుట్టింది. గాలి కాస్త తగ్గించిన బంతి మెల్లగా వస్తుంది, చేతులు ఆలస్యంగా కదిలే పిల్లకు అందుతుంది. ఏడుపెంకులాటలో గీత రెండడుగులు ముందుకు జరిపితే కర్రల మీద నిలబడ్డవాడూ కొట్టగలడు. ఒక తాడు చెరో కొస పట్టుకుంటే చూపులేని పిల్ల స్నేహితురాలితో పరుగెత్తగలదు. సమగ్ర శిక్ష కింద ఆట సామగ్రికి ప్రభుత్వ ప్రాథమిక బడికి ఏడాదికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల దాకా కేటాయింపు ఉంది. ఈసారి బడి కమిటీ సమావేశానికి పిలిచినప్పుడు టీ తాగి సంతకం పెట్టి వచ్చేయకండి. ఆ డబ్బులో గలగలమనే బంతి ఒక్కటి ఉందా అని అడగండి. డ్రిల్లు పీరియడ్‌లో ఎవరెవరు కూర్చుంటున్నారో పేర్లు అడగండి. జవాబు రాకపోతే వారం తర్వాత మళ్లీ వెళ్లండి. మీ పిల్లకు ఏ లోటూ లేకపోతే ఇంకా గట్టిగా అడగండి, ఎందుకంటే తన పిల్ల కోసం అడిగే తల్లిని ఇన్నాళ్లూ గొడవమనిషి అన్నాం.

ఇంట్లోనూ అడగండి. "ఇవాళ నువ్వు ఎవర్ని ఆడనివ్వలేదు?" అని. మా అమ్మ ఆ ప్రశ్న నన్నడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆమె ఎప్పుడూ మార్కులే అడిగింది.

మొన్న వేసవిలో మా సందులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే అరుగుమీద కూర్చుని చూశాను. రెండు కాళ్లకూ కాలిపర్లున్న కుర్రాడొకడు గోడకు నడుమానించి బ్యాటింగ్ చేస్తున్నాడు. వాడు కొడితే పక్కింటి పిల్ల పరుగెడుతుంది. ఆ పిల్ల మరీ వేగమని, ఇంకొకర్ని పెట్టమని అవతలి జట్టు గోల. గోల సగంలో ఉండగానే బంతి వచ్చి వాడి కాలిపర్‌కు ఠంగుమని తగిలింది. "అవుట్!" అని ఆరుగురూ ఒక్కసారే అరిచారు. వాడు ఒప్పుకోలేదు, వికెట్ల మీదకు పోవట్లేదన్నాడు, అమ్మతోడన్నాడు. ఎవరూ కనికరించలేదు. చివరికి వాడు బ్యాట్ విసిరికొట్టి, అంపైర్‌ను బూతు తిట్టి, నా పక్కనొచ్చి అరుగుమీద కూర్చున్నాడు, ముఖం కందగడ్డలా చేసుకుని.