పెట్టెది కాదు జబ్బు, తీగది!

2000ల తొలి రోజులు. ఉదయగిరిలోనో, ఆత్మకూరులోనో ఓ ఇల్లు అనుకోండి. ఎంసెట్ ఫలితాలొచ్చిన సాయంత్రం. కంప్యూటర్ ముందు అబ్బాయి, వెనక నాన్న, గుమ్మంలో అమ్మ. మోడెమ్ నంబరు కొట్టింది, కీచుమంది, బుసకొట్టింది... ఆగిపోయింది. తెరమీద 678!

''ఏందబ్బయా, మళ్లీ పోయిందా?''

''సీపీయూ నెల్లూరు తీసుకుపోయి చూపించాలేమో నాయనా.''

సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్లలో పొరబడేవారు. పెట్టెను గుడ్డలో చుట్టి బస్సెక్కించేవారు. షాపులో అది శుభ్రంగా పనిచేసేది. ఇంటికొస్తే మళ్లీ అదే గొడవ!

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఆ తర్వాత చిన్న ఊళ్లకు అది ఇంట్లోని ఫోన్ తీగ మీదే వచ్చింది. కంప్యూటర్ అంకెల్ని ధ్వనిగా మార్చి తీగలో పంపడం, అటునుంచి వచ్చిన ధ్వనిని మళ్లీ అంకెలు చేయడం మోడెమ్ పని. మొదట్లో వినిపించే కీచులాట, రెండు మోడెమ్‌లూ ఎంత వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకునే బేరం. మధ్యలో తీగ గరగరమంటే బేరం చెడుతుంది.

వైద్యం వరస ఇదీ

అందుకే ముందు రిసీవర్ ఎత్తి వినాలి. డయల్ టోన్ లేకపోతే వచ్చేది 680. తీగ ఊడిందేమో, మోడెమ్ వెనక 'లైన్' బదులు 'ఫోన్' అన్న చోట గుచ్చారేమో చూడాలి. 676 అంటే అవతల బిజీ. 678 అంటే అటునుంచి స్పందన లేదని. 691 వస్తే ఒకరకంగా శుభవార్తే. లైను బాగుంది, తప్పు పాస్‌వర్డ్‌లోనో, క్యాప్స్ లాక్‌లోనో ఉంది!

టోన్ ఉండీ గరగరమంటుంటే? ప్యారలల్ ఫోన్లన్నీ తీసేసి, మోడెమ్‌ను నేరుగా బయటి తీగకు కలపాలి. గరగర పోతే లోపం ఇంట్లో. పోకపోతే లైన్‌మన్‌కు చెప్పాలి. మోడెమ్ మీద అనుమానముంటే కంట్రోల్ ప్యానెల్‌లో 'క్వెరీ మోడెమ్' నొక్కితే సరి. అది జవాబిస్తే సీపీయూకు బస్సు టికెట్ దండగ.

అక్టోబరు, నవంబరు వానల్లో మరో గండం. ఉరిమితే కరెంటు ప్లగ్గు పీకేవారు గానీ, ఫోన్ తీగను మరిచేవారు. పిడుగు దాని వెంటే వచ్చి మోడెమ్‌ను మాడ్చేది.

అన్నీ కుదిరినా తిప్పలే. నెట్ ఉన్నంతసేపూ ఫోన్ ఎంగేజ్. దూరదేశంలోని కొడుకు ఫోన్ చేసి చేసి విసిగిపోయేవాడు. 40 కిలోబిట్ల వేగం దొరికితే 3.5 మెగాబైట్ల పాట దిగడానికి 12 నిమిషాలు. ఆ మధ్యలో నడిమింట్లో ఎవరైనా రిసీవర్ ఎత్తారా, మళ్లీ మొదటికే!

ఆ కాలం పోయింది. అమెరికాలో ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబరు 30న డయలప్‌కు సెలవు చెప్పింది. సూత్రం మాత్రం పాతబడలేదు. ఇవాళ వైఫై ఆగినా ఫోన్‌ను తిట్టేముందు రౌటర్‌కొచ్చే తీగను చూడాలి.

ఇంతకీ ఆ సాయంత్రం? నాన్న రిసీవర్ ఎత్తి విన్నాడు. గరగర. నడిమింటి ఫోన్‌కని చేత్తో మెలేసిన అతుకు తుప్పుపట్టి ఉంది. విప్పేశాడు. మళ్లీ కీచు, మళ్లీ బుస... కలిసింది! ఫలితాల పేజీ పైనుంచి ఒక్కో వరసా మెల్లగా దిగుతుంటే, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు.