వెస్ట్ పాయింట్ సన్మానానికి రాజకీయ గ్రహణం?

ఊళ్లో హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం వారు ఒక పెద్దమనిషిని పిలిచి శాలువా కప్పి సన్మానించడం పాఠకులకు కొత్త కాదు. అయితే పేరు ప్రకటించి, తేదీ పెట్టి, తీరా రోజులు దగ్గర పడ్డాక సభ లేదంటే ఊరు ఏమనుకుంటుంది? అమెరికాలోని సుప్రసిద్ధ సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో 2025 సెప్టెంబరులో ఇదే జరిగింది. సన్మానం అందుకోవలసిన వ్యక్తి సినీనటుడు టామ్ హాంక్స్.

న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున 1802లో నెలకొల్పిన ఈ అకాడమీ అమెరికా సైన్యానికి అధికారులను తయారు చేస్తుంది. అక్కడ చదివినవారి సంఘం 1869లో ఏర్పడింది. అప్పటికి ఆ దేశంలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది. ఒకే పంక్తిన కూర్చుని అన్నం తిన్నవారు ఆ యుద్ధంలో ఎదురెదురు సైన్యాలలో నిలిచి ఒకరిపై ఒకరు తుపాకులు పేల్చుకున్నారు. అలా విడిపోయిన పాత మిత్రులను మళ్లీ ఒకచోట చేర్చాలన్నదే ఆ సంఘం పుట్టుకకు ముఖ్య కారణం. రాజకీయాలు తెచ్చిన చీలికను మాన్పడానికి పుట్టిన సంఘమే నేడు రాజకీయాల రచ్చలో చిక్కుకోవడం గమనార్హం.

ఈ సంఘం 1958 నుంచి సిల్వేనస్ థేయర్ అవార్డును ఇస్తున్నది. థేయర్ 1817 నుంచి 1833 వరకు అకాడమీ అధిపతిగా ఉండి చదువును, క్రమశిక్షణను ఒక దారిలో పెట్టినవాడు. ‘కర్తవ్యం, గౌరవం, దేశం’ అన్నది అకాడమీ ఆదర్శ వాక్యం. ఆ మాటలకు తగినట్లు దేశానికి సేవ చేసిన పౌరుడికి ఈ అవార్డు చెందుతుంది. తొలి అవార్డు పొందినది అణుశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ లారెన్స్. మొదట్లో ఐసెన్‌హోవర్, మెకార్థర్ వంటి పాత విద్యార్థులకూ ఇచ్చారు. 1962లో ముసలి మెకార్థర్ భోజనశాలలో కేడెట్ల ఎదుట చేసిన ప్రసంగం నేటికీ చెప్పుకుంటారు. తరువాత అకాడమీలో చదవని వారికే ఇవ్వాలన్న పద్ధతి స్థిరపడింది. అంటే సైనికులు తమలో తాము పొగడుకోవడం కాక, బయటి పౌరుడికి కృతజ్ఞత చెప్పడమన్న మాట.

సినిమావాడికి సైనిక సన్మానమేమిటని ఎవరైనా అనవచ్చు. కాని అది కొత్త కాదు. సైనిక శిబిరాలు తిరిగి జవాన్లను నవ్వించిన హాస్యనటుడు బాబ్ హోప్‌కు 1968లో, చంద్రుడిపై తొలుత కాలుమోపిన ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1971లో ఈ గౌరవం దక్కింది. 2015లో అందుకున్న గేరీ సినీజ్ కూడా నటుడే. హాంక్స్‌తో ‘ఫారెస్ట్ గంప్’లో నటించినవాడే. రాజకీయ నాయకుల విషయంలోనూ పార్టీ చూడలేదు. డెమొక్రాట్ పార్టీకి చెందిన నల్లజాతి మహిళ బార్బరా జోర్డాన్‌కు 1995లో ఇచ్చిన సంఘమే 2017లో రిపబ్లికన్ మాజీ అధ్యక్షుడు జూనియర్ బుష్‌కు ఇచ్చింది.

హాంక్స్ సైన్యంలో పని చేయలేదు. కాని 1998లో ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో సైనికాధికారిగా నటించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పోరాడినవారికి రాజధానిలో స్మారక చిహ్నం కట్టించడానికి విస్తృతంగా ప్రచారం చేశాడు. గాయపడి ఇంటికి వచ్చిన సైనికులకు సేవ చేసే భార్యలు, తల్లులు పడే బాధను నలుగురి దృష్టికి తెచ్చాడు. ఈ కారణాలతోనే సంఘం ఆయనను ఎంపిక చేసింది. సెప్టెంబరు 25న వేడుక జరగవలసి ఉంది.

సెప్టెంబరు మొదటి వారంలో సంఘం అధ్యక్షుడు, మాజీ కర్నల్ మార్క్ బీగర్ అకాడమీ వారికి లేఖ పంపారు. వేడుక అనుకున్న ప్రకారం జరగదని, కేడెట్లను యుద్ధానికి సిద్ధం చేసే అసలు పనిపై దృష్టి పెట్టడానికి ఇది వీలు కల్పిస్తుందని అందులోని సారాంశం. ఒక్క సాయంత్రపు విందు, కవాతుతో శిక్షణ చెడిపోతుందంటే నమ్మడం కష్టం. 1958 నుంచి ఆ సాయంత్రాలు జరుగుతూనే వచ్చాయి. హాంక్స్ 2021లో బైడెన్ పదవీ స్వీకార సందర్భంగా టెలివిజన్ కార్యక్రమాన్ని నిర్వహించాడన్నది అందరికీ తెలిసినదే. రద్దు వార్త వెలువడగానే అధ్యక్షుడు ట్రంప్ హర్షం ప్రకటిస్తూ, ఇటువంటి వారికి అవార్డులు అక్కరలేదన్నారు. ఆ ఏడాది జూలైలోనే ఇదే అకాడమీ పట్టభద్రురాలు, బైడెన్ ప్రభుత్వంలో పని చేసిన జెన్ ఈస్టర్లీకి అక్కడ ఇచ్చిన అధ్యాపక పదవిని సైనిక శాఖ కార్యదర్శి రద్దు చేయించారు. ఈ రెండూ వరుసగా చూసినవారికి అనుమానం కలగడం సహజం.

చిక్కంతా ఇక్కడే ఉంది. సంఘం ప్రభుత్వ శాఖ కాదు, పాత విద్యార్థుల విరాళాలతో నడిచేది. కాని సభ జరగవలసింది ప్రభుత్వ స్థలంలో, కవాతు చేయవలసింది ప్రభుత్వ కేడెట్లు. దండ సంఘానిదైనా పందిరి సర్కారుది. పందిరి వేసేవాడు కాదంటే దండ చేతిలోనే వాడిపోవాలి. నిర్ణయం ఒత్తిడి వల్ల జరిగిందని సంఘం చెప్పలేదు. అయినా ఎంపిక చేసినప్పుడు కనపడని అభ్యంతరం తరువాత ఎక్కడి నుంచి వచ్చిందో సభ్యులకు వివరించవలసిన బాధ్యత మాత్రం దానిదే.

ఇదే సంఘం తమ పాత విద్యార్థుల కోసం 1992లో వేరొక అవార్డును నెలకొల్పి, సైన్యంలోనూ బయటా పేరు తెచ్చుకున్న పట్టభద్రులను సన్మానిస్తున్నది. అది ఇంటివారి సన్మానం కనుక ఇంత రచ్చ లేదు. బయటివాడిని పిలిచే అవార్డుకు రాబోయే సంవత్సరాలలో ఏ పేర్లు ఎంచుతారో, ఎంచేముందు ఎవరి ముఖం చూస్తారో కేడెట్లు కూడా గమనిస్తూనే ఉంటారు.