పన్నెండవ ఆటగాడు



మన సంఘాలలోని యౌవనస్థులను "నీవు ఎవరి అభిమానివి బాబూ?" అని అడిగి చూడండి. ఒకరు సినిమా హీరో పేరు చెబుతారు, మరొకరు క్రికెట్ జట్టు పేరు చెబుతారు. అనంతపురం వైపు చాలామందికి ఆ జట్టు బెంగళూరుదే. పెద్దలలో కొందరు అభిమానమే తప్పంటారు. అంత తేలికగా తీర్పు చెప్పవద్దని నా మనవి. దేనినైనా మనసారా ప్రేమించేవానికి ఎలా ప్రేమించాలో నేర్పవచ్చును. దేనినీ ప్రేమించనివానికి ఏమి నేర్పగలము?

ఈ నెల ఒక కాలేజీ జట్టును ప్రేమించినవారి సంగతి చెబుతాను. ఊరు దూరమే గాని విషయము దూరము కాదు. వేరుశెనగ పండించే ఇండ్లనుండి కూడా పిల్లలు అప్పోసప్పో చేసి అమెరికాకు చదువుకు వెళ్తున్న కాలమిది. అక్కడ అనేక యూనివర్సిటీలలో శనివారము వచ్చిందంటే ఫుట్‌బాల్ పండుగ. మనము కాలితో తన్నే బంతి ఆట కాదది. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని, అడ్డువచ్చిన వారిని తోసుకొంటూ పరుగెత్తే ఆట. ఒక్కో జట్టుకు పదకొండుగురు.

టెక్సాస్ రాష్ట్రంలో కాలేజ్ స్టేషన్ అనే పట్టణమున్నది. అక్కడి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 1876లో వ్యవసాయము, యంత్రవిద్య నేర్పే కళాశాలగా తెరవబడింది. అందుకే అక్కడి విద్యార్థులను నేటికీ 'ఆగీలు' అంటారు. వ్యవసాయమనే మాటలోనుండి పుట్టిన పేరది. సేద్యగాళ్లని పిలిచినట్టే. వారి మైదానములో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. కాని విద్యార్థులు కూర్చోరు. ఆట మొదలైనది మొదలు ముగిసేవరకు నిలబడే ఉంటారు.

ఎందుకు? దానికొక కథ ఉన్నది. 1922 జనవరి 2న డల్లాస్ నగరములో ఈ జట్టు సెంటర్ కాలేజీ అనే బలమైన జట్టుతో తలపడింది. ఒకరి వెనుక ఒకరుగా ఆటగాళ్లు గాయపడుతున్నారు. బెంచీమీద మనుషులు తరిగిపోతున్నారు. ఆ సమయములో కింగ్ గిల్ అనే విద్యార్థి పైన విలేఖరుల గదిలో ఉండి, ఏ ఆటగాడెవరో వారికి చెబుతున్నాడు. అతడు అంతకుముందు ఈ జట్టులో ఉండి, బాస్కెట్‌బాల్‌కు వెళ్లినవాడు. కోచ్ డానా బైబిల్ అతనికి కబురు పెట్టాడు. గిల్ క్రిందికి దిగివచ్చి, గాయపడినవాని దుస్తులు తొడుక్కొని, గీత ప్రక్కన నిలుచున్నాడు. జట్టు 22-14తో గెలిచింది. గిల్‌ను ఆడమని పిలువవలసిన అవసరమే రాలేదు. అయినా ఆ కాలేజీ అతనిని మరువలేదు. అవసరమైతే మేమూ దిగుతామని చెప్పడానికే విద్యార్థులు నేటికీ నిలబడతారు. తమను తాము పన్నెండవ ఆటగాడని పిలుచుకొంటారు.

మన క్రికెట్‌లో పన్నెండవ ఆటగాడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. స్కోరు పట్టికలో అతని పేరు కనబడదు. అయినా అతడు లేకపోతే జట్టుకు జరగదు. మంచి అభిమాని అంటే అతడే.

అయితే ఇదే కాలేజీలో అభిమానము మరొక దారి కూడా పట్టింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ వారికి పాత ప్రత్యర్థి. ఆ మ్యాచికి ముందు ఏటేటా దుంగలు పేర్చి పెద్ద మంట వేయడము దాదాపు తొంభై ఏళ్ల ఆచారము. 1999 నవంబరు 18న తెల్లవారుజామున, విద్యార్థులు దానిమీద పని చేస్తూ ఉండగానే, సుమారు 60 అడుగుల ఎత్తున పేర్చిన ఐదువేల దుంగలు కూలిపోయాయి. పన్నెండుమంది చనిపోయారు. 27 మంది గాయపడ్డారు. పేర్చిన తీరు సరికాదని, కట్లలో బలము చాలలేదని, తగిన ఇంజనీరింగు పర్యవేక్షణ లేకుండా ఏళ్ల తరబడి సాగనిచ్చారని 2000 మే నెలలో విచారణ సంఘము తేల్చింది. పేరుపొందిన ఇంజనీరింగు విద్యాలయములో ఈ మాట! ప్రేమ ఉన్నది, శ్రమ ఉన్నది, "ఇది నిలబడుతుందా?" అని అడిగేవాడు లేకపోయాడు. ఆ తరువాత యూనివర్సిటీ ఆ మంట వేయలేదు.

ఎనిమిది రోజులకు, నవంబరు 26న, మ్యాచి జరిగింది. ఆగీలు 20-16తో గెలిచారు. అయితే తలచుకోవలసినది ఆ గెలుపు కాదు. ఆట మధ్య విరామములో ప్రత్యర్థుల బ్యాండువారు మైదానములోకి వచ్చి, 'అమేజింగ్ గ్రేస్' కీర్తన వాయించి, తలమీది టోపీలు తీసి నిలుచున్నారు. ఏళ్ల తరబడి ఒకరినొకరు గేలి చేసుకొన్నవారే. ప్రత్యర్థి ఇంట చావు వచ్చినప్పుడు గేలి ఆగిపోయింది, పోటీ మాత్రము మిగిలింది. 2011 తరువాత ఆ రెండు జట్లు చాలాకాలము తలపడలేదు. 2024 నవంబరు 30న మరల ఆగీల మైదానములోనే కలిసినప్పుడు ఆగీలు 17-7తో ఓడిపోయారు.

ఇదంతా మనకెందుకు? 2025 జూన్ 3న బెంగళూరు జట్టు పద్దెనిమిదవ ఏట మొదటిసారి ఐపీఎల్ కప్పు గెలిచింది. మరునాడు చిన్నస్వామి స్టేడియము వద్ద తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. సంతోషించడానికి వెళ్లినవారే. 2020 సెప్టెంబరులో కుప్పము ప్రాంతములో అభిమాన నటుని పుట్టినరోజుకు బ్యానరు కడుతూ ముగ్గురు యువకులు కరెంటు తగిలి చనిపోయారు. ఏర్పాట్లు చేయవలసినవారి బాధ్యత పెద్దది, అది చట్టము చూచుకొంటుంది. ఇంటిలో మనము చేయగలిగినది వేరు. "వెళ్లవద్దు" అని ఒక్కమాటతో తలుపు వేయకండి. "ఎంతమంది వస్తారు? బయటికి వచ్చే దారి ఎక్కడ? ఆ ఇనుప చట్రానికి పైన వైరున్నదా?" అని అడిగి పంపండి. అలా అడిగే అలవాటు పిల్లలకు వస్తే, జనము నడుమ కూడా వారి బుద్ధి వారితోనే ఉంటుంది.

మరొక మాట. 2024 సెప్టెంబరులో మన అనంతపురము ఆర్‌డీటీ మైదానములో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు పేరున్న ఆటగాళ్లను చూడాలని మనవారు వెళ్లారు. మంచిదే. ఆ క్రీడా గ్రామములోనే పల్లెల పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్, హాకీ నేర్చుకొంటున్నారు. వారు ఎండలో ఆడే రోజున గట్టుమీద ఎవరున్నారు? మీ అమ్మాయి బడి జట్టు ఓడిపోతున్న సాయంకాలము, చివరి నిమిషము వరకు నిలబడి చూచేవారు ఎవరు?

టీవీ ముందు కేకలు వేయడానికి లక్షలమంది ఉన్నారు. ఈ వారము పని కాస్త ముందుగా ముగించుకొని, మీ ఊరి బడి మైదానమునకు వెళ్లండి. ఒక కడవతో మంచినీళ్లు తీసికొని వెళ్లండి. గెలిచినా ఓడినా, ఆట ముగిసేవరకు కూర్చోకండి.