తిట్లు తినే హక్కు

అక్టోబర్ 31 సాయంత్రం గుర్‌గావ్‌లోనో నోయిడాలోనో ఏదైనా పెద్ద అపార్ట్‌మెంట్ సొసైటీకి వెళ్ళి చూడండి. (2016లో ఊరి పేరు గురుగ్రామ్‌గా మారింది కానీ జనం నోరు ఇంకా మారలేదు.) నల్ల అంగీల బుల్లి మంత్రగత్తెలు, అస్థిపంజరాలు లిఫ్టుల్లో ఎక్కి దిగుతుంటాయి. ఏ ఫ్లాట్ల బెల్లు కొట్టవచ్చో వాట్సాప్ గ్రూపులో ముందే తేలిపోతుంది. వెనకాలే తల్లులు, వాళ్ళ చేతుల్లో మంచినీళ్ళ సీసాలు. 'ట్రిక్ ఆర్ ట్రీట్' అని పిల్లలు అరుస్తారు. మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా అని దాని అర్థం. పెట్టనన్నవారిని ఏం చెయ్యాలో మాత్రం ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. బెదిరింపు దిగుమతి అయింది, అల్లరి రాలేదు.

ఇదంతా పరాయి సంస్కృతి అని పళ్ళు నూరేవారికి రాజధానిలో కొదవలేదు. నా ఫిర్యాదు అది కాదు. ఇంచుమించు ఇదే రోజుల్లో, ఇదే నేల మీద, ఇంతకంటే ఘాటైన అల్లరి ఒకటి ఉంది. దాని ఊసే ఈ సొసైటీల్లో వినపడదు.

హర్యానా పల్లెల్లో నవరాత్రులకు ఆడపిల్లలు ఇంటి గోడమీద మట్టితో, పేడతో సాంఝీ అమ్మవారి బొమ్మ దిద్దుతారు. దసరా రాత్రి ఆ బొమ్మను చిల్లులు పెట్టిన కుండలో ఉంచి, లోపల దీపం వెలిగించి, పాడుకుంటూ ఊరి చెరువుకు తీసుకెళ్ళి నీటిలో వదులుతారు. అక్కడ మగపిల్లలు కర్రలతో కాచుకుని ఉంటారు. కుండ అవతలి గట్టు చేరితే ఊరికి అరిష్టమట. కాబట్టి చేరేలోపే దాన్ని పగలగొట్టాలి. కాపాడుకోవడానికి వీళ్ళు, పగలగొట్టడానికి వాళ్ళు. చీకట్లో చిల్లుల కుండలో దీపం అనగానే హాలోవీన్ గుమ్మడికాయ గుర్తుకొస్తే తప్పు లేదు. దక్షిణాన పల్వల్ వైపు, బ్రజ్ ప్రాంతంలో, దసరా నుంచి శరత్ పూర్ణిమ దాకా మగపిల్లలు మూడు కర్రల మీద నిలబెట్టిన టేసూ బొమ్మతో ఇల్లిల్లూ తిరుగుతారు. తలా తోకా లేని పాటలు పాడి డబ్బులో ధాన్యమో రాబట్టేదాకా గుమ్మం వదలరు.

మనకు మాత్రం తక్కువా? భోగి ముందు రోజుల్లో పెరట్లో కట్టెలు, దడికంపలు, విరిగిన తలుపులు రాత్రికి రాత్రే మాయమై మంటలో తేలేవి. అది దొంగతనం లెక్కలోకి రాదు. (ఒంటరి ముసలమ్మ పడుకునే మంచం తగలబడితే మాత్రం నవ్వు రాదు. పల్లె అల్లరి అంతా అమాయకమని నేననను.) వినాయక చవితి సంగతి ఇంకా విచిత్రం. చంద్రుణ్ణి చూసినవాడికి నీలాపనిందలు తప్పవని శమంతక మణి కథ. విరుగుడుగా పక్కింటి మీద రాయి విసిరి తిట్లు తినేవారు. ఉత్తర ప్రదేశ్, బీహార్‌లలో అదే రోజుకు 'ఢేలా చౌథ్' అనే పేరే ఉంది. ఢేలా అంటే మట్టిగడ్డ. ఎంత బాగా తిడితే అంత పుణ్యం.

కర్ర ఎవరి కొడుకు చేతిలో ఉందో, కుండ ఎవరి కూతురిదో గట్టున నిలబడ్డ ఊరికంతా తెలుసు. రాయి పడ్డ ఇంటావిడకు విసిరినవాడి తాత పేరు కూడా తెలుసు. హద్దు దాటితే ఎవరింటికి వెళ్ళి అడగాలో తెలుసు కనుకే ఆ ఒక్క రాత్రికి అనుమతి దొరికింది.

ముఖపరిచయం లేని నగరంలో అదే అల్లరి ఏమవుతుందో అమెరికా చూసింది. హాలోవీన్ ఆకతాయిల విధ్వంసం భరించలేకనే 1930ల్లో అక్కడి పెద్దలు మిఠాయి లంచం మరిగించారు. అయినా హాలోవీన్ ముందు రాత్రి అల్లరి డెట్రాయిట్‌లో నిప్పు పెట్టడం దాకా పోయింది. 1984లో అక్కడ మూడు రోజుల్లో 800కు పైగా మంటలు లేచాయి.

అంత దూరం ఎందుకు? ఢిల్లీ హోలీ ఉంది. 'హోలీ కదా, ఏమనుకోకు' అనే మాట వదినామరదుల మధ్య సరసం. బస్టాపులో నిలబడ్డ అపరిచితురాలి మీద నీళ్ళ బెలూన్ విసిరి అదే మాట అంటే దౌర్జన్యం. 2018లో విద్యార్థినులు పోలీసు ప్రధాన కార్యాలయం ముందు నిరసనకు దిగింది ఇందుకే. 2023లో పహాడ్‌గంజ్‌లో ఒక జపాన్ యువతిని పట్టుకుని రంగులు పూసి, నెత్తిన గుడ్డు పగలగొట్టిన వీడియో దేశమంతా చూసింది. పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. ఆ యువతి వాళ్ళకు వదినా కాదు, పక్కింటి పిల్లా కాదు. తిరిగి తిట్టడానికి ఆమెకు భాషే లేదు.

అందుకే సొసైటీ కమిటీల జాగ్రత్తను నేను పూర్తిగా వెక్కిరించలేను. పక్క ఫ్లాటువారి పేరు తెలియని చోట చాక్లెట్ బుట్టే క్షేమం. కానీ ఆ పిల్లలు ఎవరి చేతా ఎప్పుడూ తిట్లు తినలేదు. ఎంతవరకు వెళ్ళి ఆగాలో వాళ్ళకు నేర్పే పక్కింటావిడ లేదు. ఇరవయ్యో అంతస్తు బాల్కనీ మీదికి మట్టిగడ్డ విసిరేంత చేయి ఎవరికుంది? ఉన్నా, తిట్టడానికి ఎవరూ బయటికి రారు. కింద సెక్యూరిటీకి ఫోన్ చేస్తారు. ఆ గార్డు బహుశా బీహార్‌వాడే అయి ఉంటాడు. ఢేలా చౌథ్ అంటే ఏమిటో ఆ ప్రాంగణంలో తెలిసినవాడు అతనొక్కడే కావచ్చు. సీసీ కెమెరా ఫుటేజీ తీసి ఇవ్వడం మాత్రం అతని డ్యూటీ.