టెలిస్కోప్ తర్వాత.. ముందు కంట్రోల్ నేర్చుకోండి!

ఇంటర్వ్యూలో 'మీ హాబీ ఏంటి?' అంటే ఆస్ట్రోఫొటోగ్రఫీ అని చెప్పుకోవడం బాగానే ఉంటుంది. దానికోసం ఇంట్లోవాళ్లను ఒప్పించి, ఈఎంఐలో పెద్ద టెలిస్కోప్ కొనేద్దామనుకుంటేనే చిక్కు. నన్నడిగితే అది చివర్లో కొనాల్సిన వస్తువు.

ఎందుకంటారా? భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకు దాదాపు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ వేగంతో కెమెరాను సాఫీగా తిప్పే ట్రాకింగ్ మౌంట్ లేకపోతే, ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా లాంగ్ ఎక్స్‌పోజర్‌లో నక్షత్రాలు గీతలైపోతాయి. డబ్బు పెట్టాల్సింది ముందు మౌంట్ మీద.

అంతకన్నా ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది. కేస్టార్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఎకోస్‌తో మౌంట్, కెమెరా, ఫోకసర్‌లను ల్యాప్‌టాప్ నుంచే నడపొచ్చు. పరికరాలు లేకున్నా సిమ్యులేటర్లతో ప్రాక్టీస్ చేయొచ్చు. రేపు మౌంట్ కొన్నాక, డాబా మీద ఓ రాస్‌బెర్రీ పై పెట్టి, గదిలో కూర్చుని వైఫైతో ఇదే పని చేస్తారు.

లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను కూడా బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచే నడుపుతారు. స్థాయి వేరు, సూత్రం ఒకటే.

దీనికి సర్టిఫికెట్ రాదు, ఉద్యోగం గ్యారంటీ కూడా లేదు. కానీ డ్రైవర్లు, నెట్‌వర్క్, పైథాన్ స్క్రిప్టులు, అర్ధరాత్రి కనెక్షన్ తెగితే తప్పెక్కడో వెతకడం.. ఇవన్నీ ఆటోమేషన్, ఎంబెడెడ్ ఉద్యోగాల్లో పనికొచ్చేవే. ఇంటర్వ్యూలో ఫొటో చూపిస్తే 'బాగుంది' అంటారు. అదెలా తీశారో వివరించగలిగితే, తర్వాతి ప్రశ్న అడుగుతారు.