థర్మల్ కెమెరా మీ మడిలో ఏం చూడగలదు? డ్రోన్ సర్వేకి డబ్బు ఇచ్చే ముందు పద్మనాభం రైతులు తెలుసుకోవలసినవి

వ్యవసాయంలో డ్రోన్ల మాట ఈ రెండు మూడేళ్లలో బాగా పెరిగింది. 2024 అక్టోబరు 22, 23 తేదీల్లో అమరావతి డ్రోన్ సమ్మిట్ జరిగింది. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు పిచికారీ డ్రోన్లు అందుతున్నాయి. ఈ ఊపులోనే థర్మల్ కెమెరాతో పొలం సర్వే చేసి నీటి ఎద్దడి, తెగులు ముందే చెబుతామనే సేవల ప్రచారం కూడా మొదలైంది. పద్మనాభం మండలంలో ఎకరం, రెండెకరాల్లో వరి, కూరగాయలు వేసుకునే రైతు దీనికి డబ్బు పెట్టవచ్చా? ఈ కెమెరా ఎలా పనిచేస్తుందో, దాని సెన్సార్‌ను ఎందుకు చల్లబరుస్తారో తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది.

వేడిని ఫొటో తీయడం అంటే

మన కంటికి కనబడేది వస్తువు మీద పడి తిరిగివచ్చే వెలుగు. థర్మల్ కెమెరా పట్టుకునేది వస్తువు తనంతట తాను బయటికి పంపే పరారుణ కిరణాలను. ఆకు, మట్టి, గేదె, మేఘం, మనిషి, అన్నీ వీటిని పంపుతూనే ఉంటాయి. వేడి ఎక్కువైతే కిరణాలూ ఎక్కువవుతాయి. దీనికి సూర్యుడితో పని లేదు కాబట్టి రాత్రి కూడా కనబడుతుంది.

పైరుకు దీంతో సంబంధం ఏమిటంటే, నీరు చాలినంత ఉన్న మొక్క ఆకుల రంధ్రాల ద్వారా నీటిని ఆవిరి చేస్తుంది. కుండలో నీళ్లు చల్లబడినట్టే ఆకు కూడా చల్లబడుతుంది. వేళ్లకు నీరు అందనప్పుడు మొక్క ఆ రంధ్రాలు మూసుకుంటుంది, ఆకు వేడెక్కుతుంది. పచ్చదనం తగ్గి మన కంటికి తెలిసేలోపే ఈ మార్పు వస్తుంది. థర్మల్ సర్వేకి ఉన్న అసలు బలం ఇదే.

సెన్సార్‌ను ఎందుకు చల్లబరచాలి

డీజిల్ ఇంజను పక్కన నిలబడి, దూరంగా గట్టు మీద నుంచి పిలిచే మనిషి మాట వినాలంటే కష్టం. ముందు ఇంజను ఆపాలి. థర్మల్ కెమెరాకు ఉన్న చిక్కు ఇలాంటిదే. సెన్సార్ కూడా ఒక వస్తువే, దానికీ వేడి ఉంటుంది. బయటి నుంచి వచ్చే బలహీనమైన కిరణాలు ఆ సొంత వేడి రొదలో కలిసిపోతాయి. అందుకే సున్నితంగా కొలవాలనుకున్నచోట సెన్సార్‌ను గడ్డకట్టే చలికి మించి చల్లబరుస్తారు.

ఈ పని రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, ఫ్రిజ్‌లో లాంటి చిన్న యంత్రం. ఈ రకం కెమెరాల్లో సెన్సార్‌ను సుమారు మైనస్ 196 డిగ్రీల దాకా దించుతారు. రక్షణ దళాలు, పరిశోధన సంస్థలు వీటిని వాడతాయి. బరువు ఎక్కువ, ధర మామూలు థర్మల్ కెమెరాకు ఎన్నో రెట్లు. రెండోది ఉపగ్రహాల్లో సాధ్యపడే పద్ధతి. ఎండ తగలకుండా, చీకటి ఆకాశం వైపు తిప్పి ఉంచిన పలక ద్వారా వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తారు. దీనికి ఇంజనూ లేదు, కరెంటూ అక్కర్లేదు. మన ఇన్శాట్-3డి తరగతి వాతావరణ ఉపగ్రహాల్లో పరారుణ సెన్సార్లు చల్లబడేది ఈ పద్ధతిలోనే.

ఆకాశం నుంచి చూస్తే మీ పొలం ఎంత?

చల్లని సెన్సార్ ఉన్నంత మాత్రాన మీ మడి కనబడుతుందని కాదు. ఉపగ్రహ చిత్రం చుక్కలతో తయారవుతుంది. ఒక్కో చుక్క ఎంత నేలను కలిపి చూపుతుందో చూడండి.

ఇన్శాట్-3డిఆర్ 2016 సెప్టెంబరు 8న, ఇన్శాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లాయి. ఇవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వీటి థర్మల్ చిత్రంలో ఒక చుక్క 4 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు. అంటే దాదాపు 4,000 ఎకరాలు, కొన్ని ఊళ్లు కలిపి ఒక చుక్క. పైరుకు పనికిరాదు గానీ తుపానుకు ఇంతకంటే అక్కరలేదు. మొంథా తుపాను 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం సమీపంలో తీరం దాటింది. అలాంటి వేళ మామూలు కెమెరాకు ఏమీ కనబడదు. మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకు పెరిగినట్టు లెక్క కాబట్టి, పరారుణ చిత్రాలు చూసి తుపాను బలాన్ని అంచనా వేస్తారు. విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనల వెనుక రాడార్‌తో పాటు ఈ చిత్రాలూ ఉంటాయి.

అమెరికా ఉపగ్రహాలు లాండ్‌శాట్-8, 9 భూమికి దగ్గరగా తిరుగుతాయి. లాండ్‌శాట్-8 థర్మల్ సెన్సార్‌ను యంత్రంతో సుమారు మైనస్ 230 డిగ్రీలకు చల్లబరుస్తారు. దీని చుక్క 100 మీటర్లు, అంటే ఒక హెక్టారు, సుమారు రెండున్నర ఎకరాలు. రెండు ఉపగ్రహాలూ కలిపి 8 రోజులకు ఒకసారి మన మీదుగా వస్తాయి. ప్రభుత్వ లెక్కలో హెక్టారు లోపు ఉన్నవారు సన్నకారు రైతులు. మీ పొలం, పక్కవారి పొలం, మధ్యలో గట్టు, తాటిచెట్లు, అన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి.

ఇప్పుడు ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి తృష్ణ అనే ఉపగ్రహాన్ని తయారుచేస్తున్నాయి. పేరుకు తగ్గట్టే దాని పని పైరు దాహాన్ని కొలవడం. చల్లబరిచిన థర్మల్ సెన్సార్‌తో నేల మీద 57 మీటర్ల చుక్క, 8 రోజుల్లో మూడుసార్లు చూపు దాని లక్ష్యం. 57 మీటర్ల చుక్క అంటే సుమారు 80 సెంట్లు. ఎకరం రైతు పొలం ఒక చుక్కకు సరిపడే స్థాయికి రావడం పెద్ద మార్పే. అయినా గట్టు దగ్గర పక్క మడి వేడి కలుస్తుంది. పైగా పరారుణ కిరణాలు మేఘాన్ని దాటలేవు. ఖరీఫ్‌లో మబ్బు పట్టిన రోజుల్లో ఈ కళ్లన్నీ మూసుకున్నట్టే. మబ్బుల్లోంచి నేలను చూడగలిగేవి 2025 జులై 30న వెళ్లిన నైసార్ లాంటి రాడార్ ఉపగ్రహాలు. అవి వేడిని కొలవవు.

డ్రోన్ కెమెరా సంగతి

పొలాల మీద తిప్పే డ్రోన్లలో ఉండేది దాదాపు ఎప్పుడూ చల్లబరచని సెన్సారే. బరువు తక్కువ, ధర తక్కువ, తక్కువ ఎత్తున ఎగురుతుంది కాబట్టి చుక్క సెంటీమీటర్లలో ఉంటుంది. ఒకే ఫొటోలో రెండు చోట్ల మధ్య డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడా ఉన్నా మంచి కెమెరా పట్టేస్తుంది. అయితే "ఇక్కడ 33 డిగ్రీలు" అని అది చూపే అంకెలో రెండు డిగ్రీల నుంచి ఐదు డిగ్రీల దాకా పొరపాటు ఉండవచ్చు. గాలి తగిలినా, ఎండలో కెమెరా వేడెక్కినా ఆ అంకె జరిగిపోతుంది. కెమెరాలో అప్పుడప్పుడు టిక్ మని చప్పుడు వస్తుంది. లోపలి మూత పడి, తన వేడిని తానే సరిచూసుకుంటోందని దానర్థం.

మన తీరప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. తేమగా ఉన్న రోజు ఆకు నుంచి నీరు తక్కువగా ఆవిరవుతుంది. అందుకని నీరున్న మొక్కకు, ఎండుతున్న మొక్కకు మధ్య వేడి తేడా మెట్ట సీమల్లో కనబడినంత పెద్దగా ఉండదు. చాలాసార్లు ఆ తేడా కెమెరా పొరపాటంతే ఉంటుంది. కాబట్టి ఒక్క అంకె చూసి నీరు పెట్టాలా వద్దా అని నిర్ణయించకండి. బాగా తడిసిన మడిని, అనుమానం ఉన్న మడిని ఒకే సమయంలో, ఒకే కెమెరాతో పోల్చి చూపితేనే నమ్మండి.

ఇంకో హెచ్చరిక. థర్మల్ కెమెరా చూసేది పైపొర వేడిని మాత్రమే. నేల లోపలికి చూడలేదు. ఈ ఫొటో చూపి బోరు పాయింటు పెడతామంటే ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఆకు వేడెక్కిందని చెప్పగలదు గానీ, దానికి కారణం నీరు లేకపోవడమా, వేరుకుళ్లా, పురుగా అన్నది మొక్క పీకి చూస్తేనే తెలుస్తుంది.

డబ్బు ఇచ్చే ముందు అడగండి

1. మీది థర్మల్ కెమెరానా, పచ్చదనం కొలిచే కెమెరానా? రెండూ వేరు.
2. ఏ వేళ ఎగరేస్తారు? నీటి ఎద్దడికి మబ్బు లేని రోజు, మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్య సరైన సమయం. పొద్దున్నే తీసిన ఫొటోలో ఎద్దడి తేలదు.
3. పోల్చడానికి తడి మడి ఏది తీసుకుంటారు?
4. ఎగరేసే వ్యక్తికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా? విశాఖలో నౌకాదళ స్థావరాలు, విమానాశ్రయం ఉన్నాయి, భోగాపురం విమానాశ్రయం కూడా మనకు దగ్గరే. డిజిటల్ స్కై మ్యాపులో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూపించమనండి.
5. నివేదిక వచ్చాక నేను చేయాల్సిన పని ఏమిటి? దీనికి సూటిగా జవాబు రాకపోతే సర్వే అక్కర్లేదు.

ఎకరం వరి మడికి థర్మల్ డ్రోన్ దండగ. గట్టు మీద నడిస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. డ్రిప్ ఉన్న మామిడి, కూరగాయ తోటలు పదిమందివి కలిపి నలభై, యాభై ఎకరాలైతే, మూసుకుపోయిన డ్రిప్పర్లను పట్టడానికి ఉమ్మడిగా ఒకసారి చేయించుకోవచ్చు.

ఒంటరి రైతుకు వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ చాలు. జ్వరం చూసే గన్ పనికిరాదు, పరిశ్రమల్లో వాడే రకం తీసుకోండి. దాని మీద 12:1 అని ఉంటే, మీటరు దూరం నుంచి సుమారు 8 సెంటీమీటర్ల వలయంలోని సగటు వేడి చూపుతుంది. ఎర్ర చుక్క గురి కోసమే. గన్‌ను పావుగంట నీడలో ఉంచి, మట్టి తగలకుండా ఆకుల గుంపు మీద పది చోట్ల చూసి సగటు తీయండి. పంపుసెట్ బేరింగు, స్టార్టర్ వైర్ల బిగింపు వేడెక్కుతున్నాయేమో కూడా దీంతోనే చూడవచ్చు. వైర్లను తాకకుండా, దూరం నుంచి.

బీమా విషయంలో ఉపగ్రహాన్ని నమ్ముకోకండి

ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాకు ఉపగ్రహాల వంటి సాంకేతిక పద్ధతులకు కనీసం 30 శాతం వాటా ఇచ్చే విధానం వచ్చింది. ఆ లెక్క వేసేది గ్రామం లేదా గ్రామాల గుంపు యూనిట్‌గా. మీ ఒక్క మడి నష్టం అందులో విడిగా కనబడదు. కోసి పొలంలో ఆరబెట్టిన పనలు 14 రోజుల్లోపు తుపానుకు తడిసినా, పథకంలో చెప్పిన స్థానిక విపత్తు వచ్చినా, 72 గంటల్లో మీరే తెలియజేయాలి. ఫోన్ 14447. లొకేషన్ పడేలా ఫొటోలు తీసి ఉంచండి. ఈ-పంట నమోదు, బీమా రసీదు ముందే సరిచూసుకోండి. మీ పంటకు ఏ నష్టం వర్తిస్తుందో ఆ సీజను ప్రకటన చూసి చెప్పమని రైతు సేవా కేంద్రంలో అడగండి.

వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ సలహాలు మేఘదూత్ యాప్‌లో తెలుగులో ఉచితంగా వస్తాయి. వాటి వెనుక ఉన్న ఇన్శాట్ చల్లని కళ్లకు మీరు పన్నుల రూపంలో ఇప్పటికే డబ్బు కట్టారు. ముందు వాటిని పూర్తిగా వాడుకోండి. సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551.